మెల్డోర్ఫ్ జిల్లా కేంద్రంగా ఉన్న రోజులు

ఉత్తర జర్మనీలో, ఎల్బె నది సముద్రంలో కలిసే చోటుకి పైన ఉన్న డిట్‌మార్షెన్ జిల్లాలో ఉంటున్నాం. నాది గాలిమరల కంపెనీలో కాగితాల పని. ఎవరి పొలంలో గాలిమర పెట్టాలన్నా ముందు ఆ పొలం ఎవరి పేరున ఉందో చూడాలి. ఆ రిజిస్టర్ మెల్డోర్ఫ్ కోర్టులో ఉంటుంది. జిల్లా ఆఫీసుతో పనిపడితే మాత్రం హైడె వెళ్లాలి. రెండూళ్ల మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లే. ఇంత చిన్న జిల్లాలో కోర్టు ఒక ఊళ్లో, కలెక్టరేట్ ఇంకో ఊళ్లో ఎందుకని మా ఇంటి ఓనరమ్మని అడిగాను. ఆవిడ పుట్టి పెరిగింది మెల్డోర్ఫ్‌లో. వెంటనే జవాబు చెప్పకుండా నన్ను వెనక షెడ్డులోకి తీసుకెళ్లింది. అక్కడ గోడకి, పలుగూ పారా పక్కన, ఒక పాత కారు నంబర్ ప్లేటు తగిలించి ఉంది. అంచులు వంకర్లు పోయాయి, మేకు కొట్టిన చోట తుప్పు పట్టింది. తెల్ల రేకు మీద నల్లగా మూడే అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి: ఎం, ఇ, డి. "మా నాన్న కారుది. ఇది మా జిల్లా" అంది.

ఆ జిల్లా పేరు జ్యూడర్‌డిట్‌మార్షెన్. అంటే దక్షిణ డిట్‌మార్షెన్. దాని కేంద్రం మెల్డోర్ఫ్. ఉత్తర డిట్‌మార్షెన్‌కి హైడె కేంద్రం. 1970 ఏప్రిల్ 26న రెండింటినీ కలిపేశారు. కొత్త జిల్లా కేంద్రం హైడె అయింది, మెల్డోర్ఫ్‌ని సూచించే ఎం, ఇ, డి పోయి కార్లన్నిటికీ హైడె అక్షరాలే వచ్చాయి. ఇప్పుడు మ్యాపులో దక్షిణం, ఉత్తరం అని వేరే గీత ఉండదు. అయితే ఆ గీత 1867లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యం వాళ్లు జిల్లాలు ఏర్పాటు చేసినప్పుడు పుట్టింది కాదు. దాని వయసు దాదాపు నాలుగు వందల ఏళ్లు. ఒక యుద్ధంలో ఓడిపోయినందుకు పడిన గీత అది. నన్ను ఈ చరిత్రలోకి లాగింది ఆ సంగతే.

ముందు ఈ నేల గురించి చెప్పాలి. తూర్పున ఇసక మెట్ట, పడమర సముద్రం వైపు నల్లరేగడి లాంటి బంకమట్టి పల్లం. పల్లంలో సగానికి సగం సముద్రం దగ్గర లాక్కున్నదే. తొమ్మిది వందల ఏళ్ల కిందటి నుంచీ రైతులు గట్లు పోసుకుంటూ, కాలవలు తవ్వుకుంటూ, తూములు పెట్టుకుంటూ పడమరకి జరుగుతున్నారు. కోనసీమలో పుట్టినదాన్ని కాబట్టి నాకిది వెంటనే అర్థమైంది. ఏటిగట్టు తెగితే మనకి ఏమవుతుందో, ఇక్కడ సముద్రపు గట్టు తెగితే అదే అవుతుంది. గట్టు ఎవడో ఒక్కడు కాపాడేది కాదు. ఊరంతా కలిసి మట్టి మొయ్యాలి, ఎవరి వంతు ఎంతో ముందే తేల్చుకోవాలి, మొయ్యనివాడికి శిక్ష వెయ్యాలి. దానికి కట్టుబాటు కావాలి. ఇక్కడి జనం రాజు అవసరం లేకుండా బతకడం ఆ కట్టుబాటు నుంచే నేర్చుకున్నారని నా నమ్మకం.

నిజంగానే రాజు లేడు. 1227 తర్వాత వీళ్లు బ్రేమెన్ ఆర్చిబిషప్ కింద ఉన్నారు, అదీ పేరుకే. అసలు పాలన రైతు వంశాలది, చర్చి పరగణాలది. 1447లో తమ చట్టాన్ని రాసిపెట్టుకున్నారు, నలభై ఎనిమిది మంది పెద్దలతో ఒక న్యాయసభ పెట్టుకున్నారు. ఆ సభ హైడెలోని బయలులో కూర్చునేది. ఆ బయలే ఇప్పటి హైడె సంత మైదానం. దాదాపు ఐదు హెక్టార్లు. శనివారం సంతకి నేను కూరలు కొనేది అక్కడే. అంతకుముందు వరకూ జనమంతా పోగయ్యే చోటు మెల్డోర్ఫ్. అక్కడి పెద్ద చర్చి ఈ సీమ మొత్తానికి తల్లి చర్చి. 13వ శతాబ్దంలో ఎర్ర ఇటుకలతో కట్టింది. పల్లంలో ఎటు నుంచి వచ్చినా ముందు ఆ గోపురమే కనబడుతుంది. అంటే మెల్డోర్ఫ్, హైడెల మధ్య పోటీ 1970లో మొదలైంది కాదన్నమాట.

ఇక 1500 సంవత్సరం. డెన్మార్క్ రాజు హన్స్, ఆయన తమ్ముడు డ్యూక్ ఫ్రెడరిక్ ఈ రైతుల్ని దారికి తేవాలని పెద్ద సైన్యంతో దిగారు. సుమారు 12 వేల మంది అంటారు. ముందు నడిచింది నల్ల దళం అనే కిరాయి సైన్యం. దాని నాయకుడు థామస్ ష్లెంట్స్. మెల్డోర్ఫ్‌ని పట్టుకుని జనాన్ని ఊచకోత కోశారు. ఫిబ్రవరి 17న అక్కడి నుంచి హైడె దారి పట్టారు. మంచు కరిగి దారంతా బురద, పైన వాన. దారి ఇరుకు, రెండు పక్కలా కాలవలు. హెమ్మింగ్‌ష్టెట్ దగ్గర దారికి అడ్డంగా రైతులు రాత్రికి రాత్రి మట్టికట్ట వేసి కాచుకున్నారు. వాళ్లని నడిపించినవాడిగా వుల్ఫ్ ఇసెబ్రాండ్ పేరు చెబుతారు. తూములు ఎత్తేశారు. నీళ్లు పొలాల మీదికి వచ్చాయి. బరువైన కవచాల్లో ఉన్న రౌతులు ముందుకీ వెళ్లలేరు, వెనక్కీ తిరగలేరు. రైతులు పొడుగాటి బల్లేల సాయంతో కాలవలు దూకుతూ మీద పడ్డారు. ష్లెంట్స్ చచ్చాడు, సైన్యం చెల్లాచెదురైంది. డెన్మార్క్ రాజు పతాకం రైతుల చేతికి చిక్కి, ఇక్కడి ఒక చర్చిలో వేలాడింది.

ఆ చోట ఇప్పుడొక రాతి స్మారకం ఉంది, 1900లో పెట్టారు. చుట్టూ పొలాలే. మా కంపెనీ పని మీద అటు వెళ్లినప్పుడల్లా కాలవ వెడల్పు చూస్తాను. పెద్దదేం కాదు, కాస్త అలవాటున్నవాడు కర్ర పోటుతో దూకగలడు. ఇనుప చొక్కా తొడుక్కున్నవాడు మాత్రం పడ్డాడంటే లేవడు. యుద్ధం ఎలా గెలిచారో చదివితే అర్థమైన దానికన్నా ఆ గట్టు మీద నిలబడితే ఎక్కువ అర్థమైంది నాకు.

వీళ్లని దేవుళ్లని చెయ్యడం నాకిష్టం లేదు. 1524 డిసెంబర్‌లో, అప్పటి కొత్త మతం, అంటే ప్రొటెస్టెంట్ మతం, బోధించడానికి మెల్డోర్ఫ్ వచ్చిన హైన్రిష్ ఫన్ జ్యుట్‌ఫెన్ అనే ఆయన్ని హైడెకి ఈడ్చుకెళ్లి మంటల్లో వేసి చంపింది కూడా ఈ స్వతంత్ర రైతులే. తర్వాత పదేళ్లు తిరక్కముందే ఆ మతంలోకే మారారు.

1559లో ముగ్గురు కలిసి వచ్చారు: డెన్మార్క్ రాజు రెండో ఫ్రెడరిక్, డ్యూక్ అడోల్ఫ్, డ్యూక్ యోహాన్. ఈసారి చలికాలం బురదలో రాలేదు, వేసవిలో వచ్చారు. మెల్డోర్ఫ్ పడింది, హైడె తగలబడింది, జూన్‌లో రైతులు లొంగిపోయారు. గెలిచిన ముగ్గురూ సీమని మూడు ముక్కలు చేసుకున్నారు. 1580లో యోహాన్ పిల్లలు లేకుండా పోయాడు. మిగతా ఇద్దరూ ఆయన వాటా పంచుకుని, 1581లో రెండు భాగాలు చేశారు. ఉత్తరం డ్యూక్‌ది, దక్షిణం రాజుది. మెల్డోర్ఫ్, హైడెల మధ్య గీత అలా పడింది. నేల వాలు చూసి కాదు, కాలవ చూసి కాదు, జనం మాట చూసి అసలే కాదు.

నాకు కోపం తెప్పించే సంగతి ఇంకోటుంది. 1773లో ఒక ఒప్పందంతో డ్యూక్ వంశం వాటా కూడా డెన్మార్క్ రాజుకే వచ్చేసింది. అంటే రెండు సగాలకీ ఒకే ప్రభువు. ఇక గీత ఎందుకు? అయినా చెరపలేదు. అప్పటికి హైడెలో ఒక అధికారి, మెల్డోర్ఫ్‌లో ఒక అధికారి, ఇద్దరికీ విడివిడిగా లెక్కల పుస్తకాలు, గుమాస్తాలు. ఆఫీసు ఒకసారి పుట్టాక దాన్ని మూయడం రాజ్యం మార్చడం కన్నా కష్టం. 1867లో ప్రష్యా వచ్చి చూసి, ఉన్న రెండింటికీ జిల్లాలని పేరు పెట్టి ఊరుకుంది. 1932లో ఖర్చు తగ్గించాలని రెండూ కలిపారు. మరుసటేడు మళ్లీ విడదీశారు!

మెల్డోర్ఫ్‌కి మంచి రోజులు రాలేదని కాదు. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ పెద్ద అధికారి హైన్రిష్ క్రిస్టియన్ బోయె. ఆయనదీ ఈ ఊరే. జర్మన్ కవులకి వేదికగా నిలిచిన పత్రికలు నడిపిన మనిషి. 1778లో శిస్తు లెక్కలు చూసే ఉద్యోగానికి వచ్చినవాడు కార్‌స్టెన్ నీబుర్. ఈ పేరు నాకు చాలా ఇష్టం. 1761లో డెన్మార్క్ రాజు అరేబియాకి ఒక పరిశోధక బృందాన్ని పంపాడు. అందులో ప్రాణాలతో తిరిగొచ్చింది ఇతనొక్కడే. యెమెన్‌లో జ్వరాలకి ఇద్దరు పోయారు, ఓడలో ఇద్దరు, బొంబాయిలో ఒకరు. నీబుర్ బొంబాయిలో ఏడాది పైన ఉండి, ఎలిఫంటా గుహల్ని కొలిచి బొమ్మలు గీశాడు. తిరుగుదారిలో పర్షియాలోని పెర్సెపోలిస్ శిథిలాల శాసనాల్ని అక్షరం పొల్లుపోకుండా నకలు చేశాడు. ఆ పాత పర్షియా లిపిని తర్వాతి వాళ్లు చదవడానికి ఆ నకళ్లే ఆధారమయ్యాయి.

అంత తిరిగిన మనిషి మెల్డోర్ఫ్‌లో ఇల్లు కట్టుకుని, రైతుల పన్ను లెక్కలు చూసుకుంటూ, చూపు పోయేదాకా, ప్రాణం పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. కొడుకు బార్టోల్డ్ గేయోర్గ్ ఈ ఊళ్లోనే పెరిగి రోమ్ చరిత్రకారుడయ్యాడు. రోమ్ పొలాల తగాదాల్ని ఆయన అంత బాగా అర్థం చేసుకోవడానికి చిన్నప్పుడు చూసిన డిట్‌మార్షెన్ రైతులే కారణమంటారు. కార్‌స్టెన్ నీబుర్ చనిపోయింది 1815 ఏప్రిల్ 26న. జిల్లా పోయింది 1970లో అదే తేదీన. కాకతాళీయమే, కానీ మెల్డోర్ఫ్ వాళ్లకి చెబితే ఒక్క క్షణం ఆగుతారు.

చీకటి రోజులు కూడా దాచకూడదు. 1920ల చివర్లో ధరలు పడిపోయి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి దేశం మొత్తం మీద 2.6 శాతం ఓట్లొస్తే, ఇక్కడ అంతకి ఎన్నో రెట్లు వచ్చాయి. 1935 ఆగస్టులో జ్యూడర్‌డిట్‌మార్షెన్ తీరంలో సముద్రం నుంచి తీసిన కొత్త నేలకి హిట్లర్ పేరు పెట్టి, ఆయనే వచ్చి ప్రారంభించాడు. పార్టీకి నమ్మకస్తులైన వాళ్లకే ఆ భూములిచ్చారు. యుద్ధం తర్వాత పేరు డీక్‌జాండర్‌కోగ్ అని మార్చారు. అక్కడి నాజీ సభాభవనంలో ఇప్పుడు ఆ చరిత్రే చెబుతున్నారు. రాజులకి తల వంచని వాళ్ల మనవలు ఇలా ఎందుకయ్యారన్నది నన్ను వదలని ప్రశ్న. స్వతంత్రం మాది అన్న గర్వం, మా నేల మా రక్తం అన్న మాటగా మారడానికి పెద్ద దూరం లేదేమో.

1970కి వద్దాం. డిట్‌మార్షెన్ ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో అప్పుడు 17 గ్రామీణ జిల్లాలు. ఆ ఏప్రిల్‌లో వాటిని 12 చేశారు. రెండు డిట్‌మార్షెన్‌లు ఒకటి కావడం న్యాయమే అంటాను నేను. గెలిచినవాళ్లు చీల్చిన సీమ నాలుగు వందల ఏళ్లకి మళ్లీ కలిసింది. కానీ ఓనరమ్మ దగ్గర ఆ మాట అనడానికి నోరు రాలేదు. కలెక్టరేట్ పోతే పోయేది బోర్డు ఒక్కటే కాదు. అక్కడ పనిచేసే గుమాస్తాలు మధ్యాహ్నం తినే హోటలు, పని మీద ఊళ్లోకొచ్చి సామాన్లు కూడా కొనుక్కునే రైతులు, జిల్లా పెద్ద మనది అనే ధీమా, అన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. మా అమలాపురంలో నేను దీనికి తలకిందులు చూశాను. చిన్నప్పుడు ఏ పనికైనా కాకినాడ పోవాల్సిందే. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయ్యాక మా నాన్న ఫోన్‌లో, "ఇక పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చమ్మా" అన్నారు. జిల్లా అంటే మామూలు మనిషికి అంతే, అదే చాలా పెద్దది.

మెల్డోర్ఫ్ అయితే కుంగిపోలేదు. జిల్లా మొత్తానికి కోర్టు అక్కడే ఉంది. 1872లో పెట్టిన మ్యూజియం అక్కడే ఉంది. అందులో మార్కస్ స్విన్ అనే రైతు పెద్ద ఇంటి నుంచి తెచ్చిన 1568 నాటి గది ఉంది. గోడలంతా చెక్కడపు చెక్క. 1559లో ఓడిపోయిన తరం వాడే ఇతను. తర్వాత డ్యూక్ కింద అధికారి అయ్యాడు. యుద్ధం ఓడిన తొమ్మిదేళ్లకి అంత దర్జాగా గది చేయించుకున్నాడంటే, ఓటమి అందరికీ ఒకేలా ఉండదని తెలుస్తుంది.

చూడాలనుకున్నవాళ్లు హాంబుర్గ్ ఆల్టోనాలో వెస్టర్‌లాండ్ వైపు రైలెక్కి, ఇట్జెహోలో దిగి చిన్న రైలు పట్టుకోండి. దారిలో హోఖ్‌డోన్ దగ్గర కీల్ కాలవ మీది ఎత్తైన వంతెన వస్తుంది. కిందనుంచి ఓడలు పోతుంటాయి. ఆ కాలవ 1895లో తెరిచారు, దాని పడమటి కొస బ్రున్స్‌బ్యుట్టెల్ కూడా పాత దక్షిణ జిల్లాలోదే. సెప్టెంబర్‌లో వస్తే రెండు పక్కలా క్యాబేజీ తోటలు. మెల్డోర్ఫ్‌లో దిగి చర్చి, మ్యూజియం చూసుకుని, హెమ్మింగ్‌ష్టెట్ స్మారకానికి సైకిల్ మీద వెళ్లండి. బస్సు కోసం చూస్తే సాయంత్రమైపోతుంది.