కేజీ మాచా

"మావయ్యా, ఎలాగూ జపాన్ వెళ్తున్నావుగా, మాచా పట్రా. ఒక్క కేజీ చాలు. సెరిమోనియల్ గ్రేడే తే, వేరేది వద్దు."

మా అక్క కూతురు ఫోన్‌లో ఇలా పురమాయిస్తే నాకు సంతలో కేజీ కందిపప్పు తెమ్మన్నట్టే వినిపించింది. 'సెరిమోనియల్ గ్రేడ్' అంటే అన్నిటికన్నా మేలురకమని దాని ఉద్దేశం. సరే అమ్మలూ అన్నాను. అది 2025 మే నెల. ఆఫీసు పని మీద పది రోజులు ఒసాకాలో ఉండాలి. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు మాత్రం నావి. మాచా అంటే జపాన్‌వాళ్ల పచ్చటి టీ పొడి. హైదరాబాద్ కేఫుల్లో దాంతో చేసే లాటే ఒకట్రెండుసార్లు తాగాను. పాలు, పంచదార, ఐసు, చివర్లో కాస్త గడ్డి వాసన. ఇంతకు మించి దాని గురించి నాకేమీ తెలియదు.

శనివారం పొద్దున్నే యొదొయాబాషిలో కేహాన్ రైలెక్కి, చూషోజిమాలో మారి ఉజిలో దిగాను. క్యోటోకి దక్షిణాన నది ఒడ్డున, మాచాకి పేరున్న చిన్న ఊరు ఉజి. స్టేషన్ బయటికి రాగానే వంతెన. అక్కడ మొదటి వంతెన 646లోనే కట్టారట, ఇప్పుడున్నది 1996 నాటిది. వంతెనకి ఎగువ వైపు ఒకచోట చిన్న అరుగులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పదహారో శతాబ్దంలో జపాన్‌ని ఏలిన హిదెయోషి తన టీ కోసం అక్కడి నుంచే నీళ్లు తోడించుకునేవాడని చెబుతారు. వంతెన మొదట్లోనే త్సూయెన్ అనే టీ కొట్టు ఉంది. 1160 నుంచి నడుస్తోందట. మన దగ్గర కాకతి రుద్రదేవుడు ఓరుగల్లు ఏలుతున్న రోజులన్నమాట. అప్పటి నుంచీ ఆ కొట్టు టీ అమ్ముతూనే ఉందట.

వంతెన దాటి బ్యోదోఇన్ గుడికి వెళ్లే వీధిలోకి మలుపు తిరిగానో లేదో, వేయించిన వాసన ముక్కుకి తగిలింది. హోజిచా అని టీ ఆకుని దోరగా వేయిస్తారు. మన ఇళ్లలో ధనియాలు వేయిస్తే వీధి మొత్తానికి తెలిసిపోయినట్టు ఆ వీధికీ తెలిసిపోతోంది. రెండు వైపులా టీ కొట్లే. మాచా ఐస్‌క్రీం, మాచా సోబా సేమ్యా, చివరికి మాచా రంగు బొమ్మలు కూడా. గుడిలోని ఫీనిక్స్ మండపం 1053 నాటిది, పది యెన్ల నాణెం మీద ఉండే బొమ్మ దానిదే. చూడాల్సిందే. కానీ నా బుర్రంతా కేజీ మీదే ఉంది కాబట్టి దాని గురించి ఇక్కడితో ఆపేస్తాను.

ఓ పాత కొట్టు ముందు అప్పటికే ముప్పై నలభై మంది వరసలో ఉన్నారు. నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. కౌంటర్ వెనక పెద్దావిడ ఇంగ్లిషులో రాసిన ఒక అట్ట చూపించింది. మనిషికి ఒక్కటే డబ్బా. అదీ ముప్పై గ్రాములది. మిగిలినవి రెండు రకాలేనని వేళ్లతో చెప్పింది. నేను ఫోన్‌లో అనువాదం పెట్టి 'ఒక కేజీ కావాలి' అని చూపించాను. ఆవిడ చదివి, నా మొహం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనకాల వరసలో వాళ్లు కూడా నవ్వారనే అనుకుంటున్నా, తిరిగి చూడలేదు.

ఒక్క డబ్బా తీసుకుని బయటపడ్డాను. అమ్మలుకి ఏం చెప్పాలో అర్థం కాలేదు. నాలుగడుగులు వేశాక ఒక బొమ్మల కొట్టులో మాచా పొట్లాలు కుప్పపోసి కనిపించాయి. వంద గ్రాములవి, ఎన్నైనా తీసుకోవచ్చు. పైన ఇంగ్లిషులో బంగారు అక్షరాలతో 'సెరిమోనియల్ గ్రేడ్'. ధర కూడా బాగా తక్కువ. దేవుడా, బతికించావు అనుకుని ఒకటి కొన్నాను. మిగతావి తిరిగొచ్చేటప్పుడు కొందాంలే అనుకున్నాను. ఆ 'తిరిగొచ్చేటప్పుడు' అనే బుద్ధే నన్ను కాపాడింది.

కేహాన్ స్టేషన్ పక్కన చజునా అని టీ మ్యూజియం ఉంది. అక్కడ రాతి తిరగలి మీద మనమే మాచా విసురుకోవచ్చంటే వెళ్లాను. తిరగలి చూడగానే ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా అమ్మమ్మ గారింట్లో ఉన్నదే, కాస్త చిన్నది. పై రాయి, కింది రాయి, పక్కన కర్ర పిడి, నడిమిన ఆకు పోసే కన్ను. దాన్ని గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పాలి. నేను ఉత్సాహంగా గిరగిరా తిప్పేశాను. నేర్పించే అమ్మాయి కంగారుపడి నా చెయ్యి ఆపింది. వేగంగా తిప్పితే రాళ్లు వేడెక్కి వాసన పోతుందట. నెమ్మదిగా, ఒకే తీరుగా తిప్పాలి. పది నిమిషాలు తిప్పితే రాయి అంచున పచ్చటి గీత ఒకటి పేరుకుంది. కుంచెతో దులిపితే ఒక్క కప్పుకి సరిపోయినంత అయింది. భుజం మాత్రం లాగేసింది.

గోడ మీద లెక్క ఉంది. మరతో తిప్పే రాతి తిరగలి కూడా గంటకి నలభై గ్రాములే ఇస్తుంది. నిలబడి మనసులో భాగారం చేశాను. కేజీకి ఇరవై ఐదు గంటలు. ఒక తిరగలి ఒక పగలూ ఒక రాత్రీ తిరిగి, ఇంకో గంట అదనంగా తిరిగితే గానీ అమ్మలు కోరిక తీరదు. పెద్దావిడ ఎందుకు నవ్విందో అప్పుడు బోధపడింది.

పొడి రేణువు మిల్లీమీటరులో నూరో వంతు కన్నా సన్నం. మా తాతగారు చూర్ణాలు వస్త్రగాళితం పట్టేవారు, దానికన్నా మెత్తన. వేళ్ల మధ్య నలిపితే పొడిలా తగలదు, వేలి గీతల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది.

తర్వాత నది ఒడ్డున తాయిహోఆన్‌లో కూచున్నాను. ఊరి మున్సిపాలిటీ నడిపే టీ గది అది. మన మున్సిపాలిటీలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ముందు ఒక చిన్న మిఠాయి ఇచ్చారు. అది టీతో నంజుకునేది కాదు, టీ రాకముందే తినెయ్యాలి. ఆ తీపి నాలుక మీద ఉండగా టీ రావాలి. కిమోనోలో ఉన్న ఆవిడ రెండు గ్రాముల పొడి గిన్నెలో వేసి, మరగకాగిన నీళ్లు కాకుండా కాస్త చల్లారినవి పోసి, వెదురు కవ్వంతో చిలికింది. కవ్వం అనే అనాలి, దాన్ని ఇంకోలా చెప్పలేను. చాసెన్ అంటారు. ఒకే వెదురు ముక్కని డెబ్భై ఎనభై పుల్లలుగా చీలుస్తారు. నారా దగ్గర తకయామా అనే ఊరు ఈ పనికి పేరు. మనం కవ్వాన్ని గుండ్రంగా తిప్పుతాం, ఆవిడ మణికట్టుతో ముందుకీ వెనక్కీ ఆడించింది, అంతే. పైన సన్నటి నురగ కట్టింది. మూడున్నర గుక్కలు. చివరి అరగుక్క జుర్రుమని చప్పుడు చేస్తూ తాగాలి, అదే మర్యాద. ఈ మర్యాద నాకు పుట్టుకతోనే వచ్చు.

రుచి చెప్పాలంటే ఇంగ్లిషులో కష్టం గానీ తెలుగులో రెండు మాటలు చాలు. కమ్మదనం, వగరు. మంచి మాచాలో కమ్మదనం ముందొస్తుంది. లేత పాలకూర పప్పు దించగానే వచ్చే వాసన లాంటిది, వెనకాల ఎక్కడో సముద్రపు గాలి. వగరు ఉంటుంది కానీ చివర్లో తొంగిచూసి పోతుంది. ఉత్సాహం ఆపుకోలేక పక్క కొట్టులో మూడు గిన్నెలు పోల్చి తాగే ఏర్పాటుంటే కూచున్నాను. సమిదోరి, గొకో, ఓకుమిదోరి అని మూడు రకాల మొక్కలవి. గొకో వాసన ముక్కుని వదల్లేదు. చివర కొయిచా అని చిక్కటిది ఇచ్చారు. నాలుగు గ్రాముల పొడికి రెండు మూడు గుక్కల నీళ్లు, చిలకరు, మెదుపుతారు. చ్యవనప్రాశ లేహ్యాన్ని కొంచెం జారుగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నాసిరకం పొడితో ఇది చేస్తే నోట్లో పెట్టుకోలేం. అందుకే అక్కడివాళ్లు గ్రేడు అడగరు, 'కొయిచాకి పనికొస్తుందా' అని అడుగుతారు. సెరిమోనియల్ అనే మాటకి ఏ చట్టంలోనూ అర్థం లేదు. బయటి దేశాల్లో అమ్మడానికి పుట్టిన మాట. ఎవరైనా ఏ పొట్లం మీదైనా అచ్చేసుకోవచ్చు. అప్పుడు నా సంచిలోని బంగారు అక్షరాల పొట్లం కాస్త బరువెక్కింది.

అసలు ఆ కమ్మదనం ఎక్కడి నుంచి వస్తుందో మర్నాడు వజుకా అనే టీ తోటల ఊళ్లో చూశాను. కమో స్టేషన్‌లో దిగి గంటకొకటి వచ్చే బస్సు పట్టుకోవాలి. నాకు ఒకటి తప్పిపోయింది, స్టేషన్ బెంచీ మీద ఎండలో గంట. బస్సు కొండ మలుపు తిరగ్గానే ఏటవాలు మీద దువ్వెనతో దువ్వినట్టు టీ తోటలు. సగం ఆకుపచ్చ, సగం నలుపు. నలుపంటే పొదల మీద కప్పిన గుడ్డ. కోతకి మూడు వారాల ముందు నుంచీ ఎండ తగలకుండా కప్పేస్తారు. ఎండ పడితే ఆకులోని కమ్మటి పదార్థం, థియనైన్, వగరుగా మారిపోతుంది. నీడలో ఉంటే ఆ మార్పు ఆగుతుంది. పైగా ఉన్న కాస్త వెలుతురునీ పట్టుకోవాలని ఆకు మరింత పచ్చబడుతుంది, పలచబడుతుంది. పూర్వం రెల్లు చాపల మీద వరిగడ్డి పరిచి ఈ నీడ వేసేవారు. ఉజిలో ఇప్పటికీ కొందరు అలాగే చేస్తున్నారు. అలాంటి తోటల్లో ఏడాదికి ఒక్కసారే, చేత్తోనే కోస్తారు.

గుడ్డ అంచు ఎత్తి లోపలికి చూస్తే చల్లగా, తడి వాసన. గుంటూరు జిల్లాలో మా ఊరి వైపు తమలపాకు తోటల్లోకి వంగి దూరితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. అవిశ చెట్ల నీడ లేకపోతే ఆకు మొరటెక్కి ఘాటొస్తుందని మా పెదనాన్న అనేవాడు. ఆయన్ని ఇక్కడికి తీసుకొస్తే రైతుతో భాష రాకుండానే గంట మాట్లాడేవాడు.

దారిలో ఒక షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల పనిచేస్తున్నాయన రమ్మని సైగ చేశాడు. కొత్తగా వచ్చిన ఆకుని క్షణాల్లో ఆవిరి పట్టించి పెద్ద వల గూట్లోకి గాలితో పైకి ఊదుతున్నారు. ఇంటి పైకప్పంత ఎత్తు ఎగిరి, ఆకు ఆకూ విడిపోయి, చల్లారి, మెల్లగా రాలుతున్నాయి. పేలాలు వేయిస్తుంటే మూకుడులోంచి ఎగిరినట్టు, కాకపోతే పచ్చగా. అక్కడి నుంచి ఇటుక బట్టీలోకి. మామూలు టీలా ఆకుని నలపరు, చుట్టరు. ఎండాక ఈనెలూ కాడలూ తీసేస్తే మిగిలేది టెంచా. దాన్ని తిరగట్లో విసిరితే మాచా. ఆయన ఒక టెంచా ఆకు నా అరచేతిలో పెట్టాడు. నలిపితే కరకరమంది, నోట్లో వేసుకుంటే కరిగింది. చాలాసేపు నేను టీ తాగలేదు, నీళ్లు కూడా తాగలేదు.

ఫోన్ అనువాదంతో ఆయన చెప్పింది ఇంత: ఈ ఏడు క్యోటో వేలంలో టెంచా సగటు ధర కేజీ ఎనిమిది వేల యెన్లు దాటింది, పోయిన ఏటితో చూస్తే రెండున్నర రెట్లకు పైనే. కొనేవాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. మరి ఇంకా నాటొచ్చుగా అన్నాను. మొక్క సరిగ్గా కోతకి రావడానికి అయిదేళ్లు పడుతుందన్నాడు. కొడుకు ఊళ్లో లేడు. తోట చూపిస్తూ "నాకు డెబ్భై ఒకటి" అన్నాడు, అంతకంటే ఏమీ చెప్పలేదు. దక్షిణాన కగోషిమాలో చదును నేల మీద పెద్ద యంత్రాలతో పండిస్తున్నారు. 2024లో కగోషిమా, అప్పటిదాకా ముందున్న షిజువోకాని కూడా దాటి టీ దిగుబడిలో దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. అక్కడి మాచా కూడా బాగుంటుందని ఈయనే ఒప్పుకున్నాడు. ఉజి వాళ్ల నోటి నుంచి ఈ మాట వింటాననుకోలేదు.

ఇంకో సంగతి. డబ్బా మీద 'ఉజి టీ' అని ఉన్నంత మాత్రాన ఆకు ఉజిలోనే పండిందని కాదు. క్యోటోతో పాటు నారా, షిగా, మియే ఆకు కూడా క్యోటోలో తయారీ పూర్తయితే ఆ పేరు పెట్టుకోవచ్చు. మోసం కాదు, నియమమే అది. మన దగ్గర బందరు లడ్డు హైదరాబాద్‌లో కొనేటప్పుడు నేను ఇన్ని ప్రశ్నలు ఎప్పుడూ వెయ్యలేదు.

తిరుగు ప్రయాణానికి నా దగ్గర లెక్క తేలింది: మొదటి కొట్టు డబ్బా ముప్పై గ్రాములు, వజుకాలో కొన్నది ఇంకో ముప్పై, ఒక చాసెన్, ఆ బంగారు అక్షరాల పొట్లం. కేజీలో తొమ్మిది వందల నలభై గ్రాములు బాకీ. పొట్లాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

హైదరాబాద్‌లో అక్క వాళ్లింట్లో సంచి విప్పాను. అమ్మ కూడా అక్కడే ఉంది. "కేజీ అన్నాగా మావయ్యా" అని అమ్మలు మొహం వేలాడేసింది. తిరగలి కథంతా చెప్పాను. నమ్మినట్టు లేదు. సరే చూడు అని రెండు సాసర్లలో డబ్బాలోది కాస్త, పొట్లంలోది కాస్త వేశాను. డబ్బాలోది అరటి మొవ్వు విప్పినప్పటి పచ్చదనం. పొట్లంలోది నిరుడు తెచ్చిన గోరింటాకు పొడి.

అమ్మకి డెబ్భై ఆరు. మాచా అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఊరికే చెయ్యి చాపి మొదటి సాసర్లోంచి చిటికెడు తీసుకుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపింది. మళ్లీ నలిపింది.

"తిరగట్లో విసిరారు" అంది.

రెండోది నలిపి, చీరకి వేళ్లు తుడుచుకుంది. "ఇది మర పట్టించింది. ఎంత పోశావు దీనికి?"

నేను చెప్పలేదు. అమ్మలు అప్పటికే ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తోంది.