అమ్మ నడుము మీద నల్లచెక్కు

అమ్మకి జ్వరం వచ్చిన ఎనిమిదో రోజున అది నా కంటపడింది. అప్పటికి మూడు రోజులుగా గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో ఉన్నాం. వేడినీళ్లలో తువ్వాలు ముంచి ఒళ్లు తుడుస్తూ లంగా బొందు వదులు చేశాను. నడుముకి కుడిపక్క, సరిగ్గా బొందు బిగిసే చోట, కందిగింజంత నల్లటి చెక్కు. చుట్టూ ఎర్రగా, సిగరెట్‌తో కాల్చినట్టుంది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"బొందు ఒరుసుకున్న పుండులేవే. నొప్పీ లేదు, దురదా లేదు."

మాది వట్టిచెరుకూరు వైపు పల్లె. ఇంట్లో రెండు గేదెలు. కార్తీకమాసంలో కాలవ గట్ల మీద గడ్డి మోకాలెత్తు ఉంటుంది. అమ్మ రోజూ సాయంత్రం అక్కడ గొంతుకూర్చుని కోసి మోపు కట్టి తెస్తుంది. జ్వరం మొదట్లో మాత్ర వేస్తే దిగేది, చీకటి పడేసరికి వణుకుతో మళ్లీ వచ్చేది. తలనొప్పికి కళ్లు తెరవలేకపోయింది. గుంటూరు తెచ్చాక డెంగ్యూ కాదన్నారు, మలేరియా కాదన్నారు. వైడాల్ పరీక్షలో కాస్త తేడా ఉందని టైఫాయిడ్‌కి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం తగ్గలేదు. ప్లేట్‌లెట్లు 62 వేలకి పడిపోయాయి. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు ముద్ద దిగలేదు.

చెక్కు సంగతి చెప్పగానే డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ తెర లాగి చూసింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, గడ్డిలో పనిచేస్తారా?" స్క్రబ్ టైఫస్, అంటే పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం కావచ్చని చెప్పి, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ సాయంత్రమే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టించింది. మర్నాడు ఆ జబ్బుకి చేసే రక్తపరీక్ష, ఐజీఎం ఎలీసా, పాజిటివ్ అని వచ్చింది. రెండో రోజు రాత్రికి జ్వరం విడిచింది. ఇన్నాళ్లకి అమ్మ చారన్నం అడిగింది.

గేదెలకి పట్టే పిడుదులా అని అడిగింది అమ్మ. కాదు. పిడుదుల వల్ల వచ్చే టైఫస్ జ్వరాలు వేరే ఉన్నాయి. దీన్ని తెచ్చేది చిగర్ అనే పురుగు పిల్ల. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. పొలం ఎలుకల మీద, పందికొక్కుల మీద బతుకుతుంది. గడ్డి కొసల మీద కాచుకుని ఉండి, మనిషి తగిలితే ఎక్కి, బట్ట బిగుతుగా ఉన్నచోట కుడుతుంది. ఓరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా అలా ఒంట్లోకి వస్తుంది. జ్వరం మొదలయ్యేది వారం, పది రోజుల తర్వాత. అప్పటికి ఏ గట్టు మీద ఏం కుట్టిందో ఎవరికి గుర్తుంటుంది? ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల ఉంటుంది. టైఫాయిడ్‌కి మామూలుగా చేసే ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులు ఎందరో దీని బారిన పడ్డారు. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు.

వెల్లూరు సీఎంసీ డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. జబ్బు బాగా ముదిరినవాళ్లకి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఏదో ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని అందులో తేలింది. మా అమ్మకి అంతదాకా రాలేదు. వారం రోజులు రోజుకి రెండు మాత్రలతో సరిపోయింది.

నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఒక్కటే. ఎనిమిది రోజుల్లో ముగ్గురు అమ్మ నాడి చూశారు, నాలుక చూశారు, చీర మీదనుంచే స్టెతస్కోపు పెట్టారు. నడుము ఎవరూ చూడలేదు, అమ్మా చూపించలేదు. మనిళ్లలో ఏ ఆడమనిషి చూపిస్తుంది? ఈ చెక్కు ఉండేది చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, బొందు కట్టే చోట. అందరికీ కనపడదు కూడా. కానీ ఉంటే మాత్రం, ఏ ల్యాబూ చెప్పకముందే అది చెప్పేస్తుంది. గడ్డిలో తిరిగే మనిషికి నాలుగు రోజులు దాటి జ్వరం ఉంటే, ఇంట్లో ఆడవాళ్లే తలుపేసి ఒళ్లంతా వెతకండి. చెక్కు దొరికినా దొరక్కపోయినా, గట్ల మీద పని చేస్తుందని డాక్టరుకి మీరే చెప్పండి.

అమ్మ ఇప్పుడు తమ్ముడి ఫుల్ చొక్కా తొడుక్కుని గడ్డికి వెళ్తోంది. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో నానేస్తోంది. మొన్న పక్కింటి పెద్దమ్మకి ఐదు రోజులుగా జ్వరమని తెలిసి, వద్దన్నా వినకుండా లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపేసిందట.