దోమతెరల కోసం కిటికీలు కొలిచిన నా అనుభవం

మా ఇంటి ఏడు కిటికీలకు అల్యూమినియం చట్రాల దోమతెరలు చేయించాలనుకున్నప్పుడు, కొలతలు తీయడం అరగంట పని అనుకున్నాను. తయారుచేసేవారు వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో రాసి పంపమన్నారు. మా ఇల్లు కట్టిన మేస్త్రి గారు టేపు పట్టి, "వెడల్పు నాలుగడుగుల ఆరంగుళాలమ్మా, ఎత్తు మూడడుగుల తొమ్మిది" అని చెబుతుంటే, నేను కాగితం మీద 4.6, 3.9 అని రాసుకుని, ఆ అంకెలను 304.8తో గుణించి, 1402, 1189 అని పంపాను. ముందుగా ఒకే కొలత ఉన్న రెండు కిటికీలకు చేయించాను. వచ్చిన చట్రాలు రెండూ కిటికీలో పట్టలేదు.

తప్పు పూర్తిగా నాదే. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి నాలుగడుగుల ఆరంగుళాలంటే నాలుగున్నర అడుగులు, అనగా 1372 మిల్లీమీటర్లు. మూడడుగుల తొమ్మిదంగుళాలంటే 3.75 అడుగులు, అనగా 1143. మేస్త్రి గారు సరిగ్గానే చెప్పారు. నేను అంగుళాలను దశాంశంగా రాయడం వల్ల వెడల్పులో మూడు సెంటీమీటర్లు, ఎత్తులో నాలుగున్నర సెంటీమీటర్లకు పైగా తేడా వచ్చింది.

మన దేశంలో 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలయ్యాయి. అందుకే బట్టల దుకాణంలో మీటరు తప్ప వేరే మాట వినిపించదు. కాని పూలమ్మే ఆమె దగ్గర మూర, స్థలం దగ్గర గజం, ఇంటి పనిలో అడుగు, అంగుళం, అంగుళంలో ఎనిమిదో వంతైన నూలు నేటికీ నిలిచే ఉన్నాయి. మా స్థలం దస్తావేజులోనే 200 చదరపు గజాలు లేక 167.22 చదరపు మీటర్లు అని రెండు విధాలా రాసి ఉంది. రెండు పద్ధతులూ తెలిసి ఉండటంలో నష్టమేమీ లేదు. ఒక పద్ధతిలో కొలిచి మరో పద్ధతిలోకి మార్చే చోటే పొరపాటు దొర్లుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

రెండోసారి టేపులో అంగుళాల వైపు చూడకుండా, నేరుగా మిల్లీమీటర్లే చదివాను. నూళ్ల లెక్క, సగాలు, పావులు లేకుండా ప్రతి కొలతా ఒకే పూర్ణసంఖ్యగా రావడం ఎంత హాయో రాసుకుంటున్నప్పుడే తెలిసింది. టేపు కొనన ఉన్న కొక్కెం కొంచెం కదులుతుంటే అది పాడైందనుకున్నాను. గోడకు ఆనించి లోపలి కొలత తీసినప్పుడు, అంచుకు తగిలించి బయటి కొలత తీసినప్పుడు ఆ రేకు మందం లెక్కలో తేడా తేకూడదనే దాన్ని అలా వదులుగా బిగిస్తారని మేస్త్రి గారు చూపించారు.

చేతిపూతతో తీర్చిన కిటికీ అన్నిచోట్లా ఒకే వెడల్పు ఉండదన్నది నేను ఊహించని సంగతి. మొదటి కిటికీకి పైన 1374, మధ్యలో 1371, కింద 1369 వచ్చాయి. చట్రం అంతటా దూరాలి కనుక అన్నిటికన్నా చిన్న కొలతనే తీసుకుని, అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్ల సందు వదిలి 1363 అని రాశాను. ఎత్తుకూ అదే పద్ధతి పాటించాను. తరువాత మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలిస్తే ఒకటి 1781, మరొకటి 1787 వచ్చాయి. అవి సమానంగా లేవంటే కిటికీ కాస్త వాలిందన్నమాట. అయితే ఈ కాస్త వాలు నేను వదిలిన సందులో ఇమిడిపోతుందని మేస్త్రి గారు అన్నారు.

పొరపాటు పెద్ద కొలత వైపు జరగడం నా అదృష్టం. చట్రాలు చిన్నవై ఉంటే పారేయవలసి వచ్చేది. పెద్దవి కాబట్టి వాటిని విప్పి, కడ్డీల కొనలు మళ్లీ ఏటవాలుగా కోసి, జాలీ మార్చి బిగించి ఇచ్చారు. మిగిలిన ఐదింటికి ఒక్కో కిటికీ బొమ్మ గీసి, వెడల్పు ముందు, ఎత్తు తరువాత, ప్రతి అంకె పక్కన "మి.మీ." అని రాసి పంపాను. ఆ ఐదూ తెచ్చిన రోజునే ఉలి గాని, ఆకురాయి గాని ముట్టుకోకుండా కిటికీల్లో కూర్చున్నాయి.