మంటల్లో మోగిన పియానో

డిటెక్టివ్ కోనన్ మొదటి సీజన్ మళ్లీ చూస్తున్నాను. 1996 జనవరిలో జపాన్ టీవీలో మొదలైన యానిమే (కార్టూన్) సిరీస్ ఇది. చిన్నపిల్లాడి రూపంలో ఉన్న డిటెక్టివే కోనన్. రోలర్ కోస్టర్ హత్యతో మొదలయ్యే తొలి ఎపిసోడ్ బాగానే ఉంటుంది కానీ, నా ప్రాణమంతా 11వ ఎపిసోడ్ మీదే.

ఒక చిన్న దీవి. శవం దొరికిన ప్రతిసారీ బీథోవెన్ పియానో సంగీతం మూన్‌లైట్ సొనాటా వినిపిస్తుంది. హంతకుడెవరో కోనన్ కనిపెట్టేస్తాడు, అప్పటికే బిల్డింగ్ అంటుకుంటుంది. లోపలికి పరిగెత్తినా, లోపలే ఉండిపోయిన హంతకుణ్ణి కాపాడలేకపోతాడు. మంటల్లోంచి పియానో మోగుతూనే ఉంటుంది. ఆ ఆఖరి స్వరాల్లో కోనన్‌కి మాత్రమే అర్థమయ్యే కోడ్: థాంక్స్, చిన్న డిటెక్టివ్ అని.

నిన్న రాత్రి సరిగ్గా అక్కడే ఆపేశాను. కలిపిన పెరుగన్నం అలాగే ఉండిపోయింది. తమ్ముడు "ఏమైందక్కా?" అంటే, పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి మళ్లీ పెట్టాను.