వాడేవాళ్ళ పక్కన కూర్చుని

మనం చదువుకున్న పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి మా బ్యాచ్ వాళ్ళం గొప్ప గొప్ప పేర్లు రాసుకుని వెళ్ళాం. ఎయిర్‌లైన్ రిజర్వేషన్, బ్యాంకింగ్ సిస్టమ్, అలాంటివి. ల్యాబ్ సార్ కాగితం చూసి పక్కన పెట్టేసి, "మీలో విమానం ఎక్కినవాళ్ళెవరు?" అని అడిగారు. ఎవ్వరూ చెయ్యెత్తలేదు. "అయితే లైబ్రరీకి పొండి. మేడం పక్కన కూర్చోండి. ఆవిడ పని మీకు పూర్తిగా అర్థమయ్యేదాకా ల్యాబ్‌లో మెషీన్ ముట్టుకోవద్దు" అన్నారు.

కూర్చున్నాం. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో మేడంకి కంఠతా వచ్చు. వెతికిపెట్టే ప్రోగ్రాంతో ఆవిడకి పనే లేదు. అసలు అవస్థ సాయంత్రం మొదలయ్యేది. రేపటికి తిరిగి రావాల్సిన పుస్తకాలేవి, గడువు దాటినా తేనివాళ్ళెవరు, హాల్ టికెట్ ఇచ్చేలోపు ఎవరి దగ్గర ఏం బాకీ ఉంది. రిజిస్టరు ఆఖరి పేజీ నుంచి వెనక్కి తిప్పుతూ, వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ, చిన్న చీటీ మీద నంబర్లు దించుకునేవారు. మేం రాసిన ప్రోగ్రాం తెరవగానే ఆ చీటీయే స్క్రీను మీద కనిపించేలా చేశాం. మెనూ లేదు, వెల్‌కమ్ స్క్రీను లేదు. మేడం చూసి ఏమీ అనలేదు. ప్రింటు తీయించి, రిజిస్టరు పక్కన పెట్టుకుని, వరసకో టిక్కు పెడుతూ చివరిదాకా పోల్చుకున్నారు. తర్వాత, "దీన్ని ఇట్లాగే నోటీసు బోర్డులో పెట్టెయ్యొచ్చా?" అని అడిగారు. ఆ మాట విన్న పూటే నేను జీవితంలో చేయబోయే పనేదో నాకు తెలిసిపోయింది.

ఇవాళ నేను నడుపుతున్న కంపెనీ చేసేదీ అదే పని. డయాగ్నస్టిక్ సెంటర్లకీ చిన్న నర్సింగ్ హోములకీ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఎవరన్నా కొత్తగా చేరితే ముందు లాప్‌టాప్ ఇవ్వం. ల్యాబ్ టెక్నీషియన్ పక్కన స్టూలు వేయించి కూర్చోబెడతాం. ఈ పద్ధతి నా సొంతం అనుకునేవాళ్ళు ఈ వ్యాసం చదివితే అది ఎవరిదో తెలుస్తుంది.

అలా కూర్చుంటే ఏం తెలుస్తుందో ఒకటి రెండు చెప్తాను. శాంపిల్ తీసేవాళ్ళ చేతికి గ్లవ్స్ ఉంటాయి. మౌస్ పట్టుకోవాలంటే గ్లవ్స్ తీయాలి, తీస్తే మళ్ళీ కొత్తవి వేసుకోవాలి. పొద్దున్నే పరగడుపున వచ్చి వరసలో నిలబడ్డ షుగర్ పేషెంట్లని ఎదురుగా పెట్టుకుని ఆ పని చేసేంత తీరిక ఎవరికీ ఉండదు. అందుకే మా స్క్రీన్లకి మౌస్ అక్కర్లేదు. మామూలు బార్‌కోడ్ స్కానర్‌ని కంప్యూటర్ కీబోర్డు కిందే లెక్కేస్తుంది. ట్యూబు మీది గీతలు చదివి అది అంకెలు కొడుతుంది, చివర్లో ఎంటర్ కూడా కొట్టేలా దాన్ని సెట్ చేసుకోవచ్చు. ఆ ఒక్క ఎంటర్‌ని ఆధారం చేసుకుని మొత్తం స్క్రీను కట్టాం. ట్యూబు చూపిస్తే పేషెంటు వివరాలు వస్తాయి, ఇంకో ట్యూబు చూపిస్తే పాతది సేవ్ అయి కొత్తది తెరుచుకుంటుంది.

నెట్ పోయినా కౌంటర్ ఆగకూడదు. డేటా ముందు ఆ మెషీన్‌లోనే పెట్టుకుని, నెట్ వచ్చాక సర్వర్‌కి పంపుతాం. చెప్పడానికి తేలికే. కానీ నెట్ లేని ఆ కాసేపట్లో రెండు కౌంటర్లు ఒకే శాంపిల్ నంబరు ఇచ్చాయనుకోండి, ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి పోయే ప్రమాదం ఉంది. అందుకని కౌంటర్‌కో నంబర్ల వరస ముందే విడిగా కేటాయిస్తాం. అలాగే హిమోగ్లోబిన్ 12.5 అని కొట్టాల్సిన చోట 1.25 పడితే సాఫ్ట్‌వేర్ ఊరుకోకూడదు. అదే పేషెంటు పాత ఫలితంతో పోల్చి, తేడా మరీ ఎక్కువుంటే ఆపి అడగాలి. ల్యాబుల్లో దీన్ని డెల్టా చెక్ అంటారు. ఇవేవీ మేం కనిపెట్టినవి కావు. ఎక్కడ ఏది అవసరమో అక్కడ కూర్చున్నాం కాబట్టి మాకు కనిపించాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని మాత్రం తెలుగు మెసేజీలది. రిపోర్టు తయారైందని పేషెంటుకి ఇంగ్లీషులో మెసేజీ పోతే, చదవడం రానివాళ్ళు ఇంకొకరికి చూపించుకోవాలి. తన జబ్బు సంగతి అలా ఇంకొకరి చేతిలో పడుతుంది. తెలుగులో పంపుదామంటే ఖర్చు అడ్డొచ్చింది. మామూలు ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి కలిసినా అది యూనికోడ్ (అన్ని భాషల లిపులకీ పనికొచ్చే కోడ్) మెసేజీ అయిపోయి 70కి పడిపోతుంది. 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకి 67 మాత్రమే. ముక్కకో ఛార్జీ. పైగా మన కంటికి కనిపించే అక్షరం వేరు, మెషీన్ లెక్క వేరు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు.

మన కాలేజీ నుంచే వచ్చి చేరిన ఒకమ్మాయికి ఈ పని అప్పజెప్పాం. మర్యాద కోసం రాసే మొదటి వాక్యం తీసేసింది. సెంటర్ పేరు పంపినవాళ్ళ ఐడీలోనే ఉంటుంది కదా అని అదీ తీసేసింది. ఒత్తులు ఎక్కువున్న మాటలు తప్పించి, తేలిక మాటలు వెతికింది. చివరికి "మీ రిపోర్టు సిద్ధం. సాయంత్రం 6 లోపు తీసుకోండి." అని తేల్చింది. ఖాళీలు, చుక్కలతో సహా 46. ఒక్క మెసేజీలో పట్టేసి, సమయం మార్చుకోవడానికి చోటు కూడా మిగిలింది. ఆ రోజు ఆఫీసులో ఆ అమ్మాయి నిలబడి అందరికీ లెక్క చెప్పిన తీరు చూస్తే మన ల్యాబ్ సార్ గుర్తొచ్చారు నాకు.

పెద్ద నగరానికి ఎందుకు పోలేదని నన్ను చాలామంది అడుగుతారు. పెట్టుబడి పెట్టేవాళ్ళ దగ్గరికి వెళ్తే అది మొదటి ప్రశ్న. నా జవాబు పైన చెప్పిందే. మా సాఫ్ట్‌వేర్ వాడే మనిషి బండి మీద పది నిమిషాల దూరంలో ఉంటే, ఫిర్యాదు ఫోన్లో వినక్కర్లేదు, వెళ్ళి కళ్ళతో చూడొచ్చు. ఈ రంగంలో పెద్దవాళ్ళు కూడా అలాగే మొదలుపెట్టారు. జర్మనీలో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజినీర్లు 1972లో శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినప్పుడు వాళ్ళకి సొంత కంప్యూటరే లేదు. మొదటి కస్టమర్ ఐసీఐ అనే రసాయనాల కంపెనీ వాళ్ళ నైలాన్ ఫ్యాక్టరీ. ఆ కస్టమర్ మెషీన్ల మీదే పనిచేసేవాళ్ళు. ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ అయ్యాక కూడా ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం వాల్‌డార్ఫ్ అనే చిన్న పట్టణంలోనే ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా 1975లో మొదలైంది అమెరికాలోని ఆల్బకర్కీ అనే ఊళ్ళో. ఆల్టెయిర్ కంప్యూటర్ చేసే కంపెనీ అక్కడ ఉంది కాబట్టి బిల్ గేట్స్, పాల్ అలెన్ అక్కడికి వెళ్ళారు.

అయితే ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. 1979లో మైక్రోసాఫ్ట్ ఆ ఊరు వదిలి సియాటెల్ పక్కకి వెళ్ళిపోయింది. మంచి ప్రోగ్రామర్లని ఆల్బకర్కీకి రప్పించడం కష్టంగా ఉండటం అందుకు ఒక కారణం. కస్టమర్ కోసం వచ్చారు, మనుషుల కోసం వెళ్ళారు. చిన్న నగరంలో కంపెనీ పెట్టిన ప్రతి ఒక్కరి గుండెలో గుచ్చుకునే ముల్లు ఇదే.

డబ్బు టెన్షన్ ఎక్కడైనా ఉంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పను. జీతాల తారీఖు కదలదు, కస్టమర్ ఇచ్చే తారీఖు కదులుతూనే ఉంటుంది. బిల్లు కొట్టాక డబ్బు చేతికి రాకపోయినా దాని మీద పన్ను కట్టాల్సిందే. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికి ఏడాది చందా ముందే కట్టినవాళ్ళకి రేటు తగ్గించి ఇచ్చాం. అప్పటినుంచి కాస్త నిద్ర పడుతోంది.

మనుషులు వెళ్ళిపోవడం మాత్రం వేరే బాధ. రక్త పరీక్ష చేసే ఎనలైజర్లు చాలావరకు ఫలితాలని సీరియల్ కేబుల్ మీద ఏఎస్‌టీఎం అనే పద్ధతిలో పంపుతాయి. ప్రతి ముక్క చివరా చెక్‌సమ్ ఉంటుంది, అంటే దారిలో ఏదీ చెడిపోలేదని సరిచూసుకునే అంకె. అది సరిపోతేనే అందిందని జవాబివ్వాలి, లేకపోతే మెషీన్ మళ్ళీ పంపుతుంది. మాన్యువల్లో ఒకటి రాసి ఉంటుంది, మెషీన్ ఇంకోటి చేస్తుంది. అది ఒంటబట్టాలంటే రాత్రుళ్ళు ల్యాబ్ మూసేశాక ఆ మెషీన్ ముందు కూర్చోవాలి. అలా నేర్చుకున్న కుర్రాడు ఒకడు, మా ఆఫీసులో అందరికన్నా బాగా తెలిసినవాడు, పెళ్ళయ్యాక పెద్ద నగరానికి వెళ్ళిపోయాడు. నాకు కోపం రాలేదు. జీతం ఒక్కటే అయితే ఎలాగో సర్దేవాణ్ణి. "సార్, ఇక్కడ నాకు తెలియంది చెప్పేవాళ్ళు ఎవరూ లేరు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం.

2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్ళ నుంచి పనిచేయడం మొదలుపెట్టాక పరిస్థితి బాగుపడుతుందనుకున్నాం. సగమే బాగుపడింది. పెద్ద కంపెనీల్లో పనిచేసే సీనియర్లు కొందరు సొంత ఊళ్ళకి వచ్చారు, అది లాభం. కానీ మేం తయారుచేసిన పిల్లలకి ఊరు కదలకుండానే పెద్ద నగరం జీతం దొరకడం మొదలైంది. వాళ్ళకి మంచిదే, మాకు కష్టం. అయినా నేను ఆ మార్పుని మంచి వైపే లెక్కేస్తాను. ఊళ్ళో మనిషి ఉంటే సాయంత్రం పిలిచి ఒక మాట అడగొచ్చు. మనిషే లేకపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన శ్రీధర్ వెంబు అందులో ఒక భాగాన్ని తమిళనాడులో తెన్‌కాశి దగ్గరి పల్లెలో పెట్టారు. ప్లస్ టూ, డిప్లొమా అయినవాళ్ళని తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి, తమ బడిలోనే నేర్పించి ఉద్యోగాలిస్తున్నారు. అంత డబ్బు, అంత పేరు ఉన్నవాళ్ళకి సాధ్యమైంది మాలాంటి చిన్నవాళ్ళకి ఎలా అవుతుందని మిత్రులు అంటారు. అంతా కాదు. కానీ నేర్పించడం, నేర్పించినవాళ్ళకి పక్కనే పని ఉండటం అనే ముక్క మాత్రం మాకూ చేతనవుతుంది.

నా ఆశ ఏమిటని ఎవరైనా అడిగితే, కంపెనీని పెద్ద ధరకి అమ్మాలని లేదు, ఆఫీసులు వరసగా తెరవాలని లేదు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఇంజినీరు ఈ ఊళ్ళో తనకి ఇక నేర్చుకునేదేమీ లేదని అనుకోకూడదు. అంటే తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు తన గదిలోనో పక్క వీధి కంపెనీలోనో ఉండాలి. ఒక్క కంపెనీతో అది జరగదు. మాకు పోటీగా ఇంకో రెండు మూడు కంపెనీలు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మా వాళ్ళు అక్కడికి మారినా సరే, అక్కడివాళ్ళు మా దగ్గరికి వచ్చినా సరే, నేర్చుకున్నది ఊళ్ళోనే ఉంటుంది.

అందుకు చేస్తున్న ప్రయత్నాల్లో ఒకటి మన కాలేజీతోనే. ఫైనలియర్ పిల్లలు కల్పించుకున్న ప్రాజెక్టులు కాకుండా నిజంగా నడుస్తున్న పని మీద ప్రాజెక్టు చేయాలని ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను, ఆయన ఒప్పుకున్నారు. మున్సిపల్ స్కూలు హాజరు, నర్సింగ్ హోము మందుల స్టాకు, ప్రింటింగ్ ప్రెస్ ఆర్డర్లు, ఏదైనా సరే. నిబంధన ఒక్కటే, ల్యాబ్ సార్ పెట్టినదే. పని చేసేవాళ్ళ పక్కన కూర్చున్నాకే కోడ్ మొదలుపెట్టాలి. పిల్లలకి చోటు వెతికిపెట్టడం, రాకపోకల ఖర్చు మా కంపెనీ చూసుకుంటుంది.

లోటల్లా సీనియర్లదే. రాసిన కోడ్ చదివి, ఇది ఎందుకిలా రాశావని అడిగేవాళ్ళు కావాలి. ఈ సంచిక చదువుతున్నవాళ్ళలో డేటాబేసులు, సెక్యూరిటీ, టెస్టింగ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా, నెలకో శనివారం రెండు గంటలు వీడియో కాల్‌లో ఒక జట్టుని చూసుకోండి. మన పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి గారి దగ్గర ఒక పట్టిక పెట్టాం, అందులో మీ పేరూ, మీకు బాగా వచ్చిన విషయమూ రాయండి చాలు. సెక్యూరిటీ తెలిసినవాళ్ళు ఇప్పటికి ఒక్కరు కూడా రాలేదు, ముందు వాళ్ళే కావాలి. పేషెంట్ల వివరాలు ముట్టుకునే జట్లని ఆ మనిషి దొరికేదాకా మొదలుపెట్టనివ్వడం లేదు.