మా కాంటెస్సా షోళవరంలో రేసు కొట్టిందా?

మైదుకూరు దగ్గర ఒక పల్లెలో, శెనక్కాయ మూటల పక్కన టార్పాలిన్ కప్పుకొని ఉన్న తెల్ల కాంటెస్సా కారును చూడడానికి పోయేటప్పుడు లక్షా నలభై వేలకు పైసా ఎక్కువ పెట్టనని మా ఆవిడకు ఒట్టేసి బయల్దేరాను. అమ్మే అన్న ఇంకా బానెట్ కూడా ఎత్తలేదు, "ఇది మామూలు బండి కాదుబ్బా, షోళవరంలో రేసు కొట్టిన బండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇంకో నలభై వేలు పోయాయి. ఒట్టు సంగతి ఇప్పటికీ ఇంట్లో నలుగుతూనే ఉంది, అది వేరే కథ.

షోళవరం పేరు ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. మద్రాసుకు ఉత్తరాన, రెడ్ హిల్స్ దాటాక, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఏళ్ల తరబడి అక్కడే రేసులు పెట్టారు. విజయ్ మాల్యా కూడా అక్కడ కారు తోలినవాడే. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది, షోళవరం ముచ్చట అంతటితో ముగిసింది.

ఆ అన్న వట్టి మాటలు చెప్పలేదు, సాక్ష్యాలు కూడా చూపించాడు. వెనక సీటు లేపితే నేల మీద నాలుగు ఇనుప పట్టీలు వెల్డింగ్ చేసి ఉన్నాయి, ఒక్కోదానికి వేలు పట్టేంత బోల్టు రంధ్రం. "రేసు బండికి లోపల పైపుల పంజరం కడతారు చూడు, దాని కాళ్లు ఇవి" అన్నాడు. వెనక స్ప్రింగులు గట్టివి, మామూలు కాంటెస్సా మాదిరి గుంటలో పడవలా ఊగదు. పైగా బండి 1985ది, లోపల ఇంజిన్ ఇసుజుది. ఇంకేం కావాలి?

ఈ మూడోది దగ్గరే మా మెకానిక్ భాయ్ నవ్వాడు. కాంటెస్సా 1984లో మార్కెట్లోకి వచ్చినప్పుడు బాడీ బ్రిటన్ వాళ్ల వాక్స్‌హాల్‌ది, ఇంజిన్ మాత్రం మన అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీదే. యాభై గుర్రాల బలం, అంటే యాభై హార్స్‌పవర్. కొన్నేళ్ల తర్వాత హిందూస్థాన్ మోటార్స్ జపాన్ ఇసుజు 1817 సీసీ ఇంజిన్, ఐదు గేర్ల డబ్బా పెట్టి క్లాసిక్ అని వదిలింది, అప్పుడుగానీ బండికి ఊపిరి రాలేదు. దీన్ని మనవాళ్లు ఇండియన్ మజిల్ కార్ అంటారు. అనుకోనీ, ముందు నుంచి చూస్తే ఆ పొడుగు ముక్కు, నాలుగు లైట్లు అట్లాగే ఉంటాయి. కానీ ఆ పేరుకు ఊపు తెచ్చిన అమెరికా బండి 1964 పాంటియాక్ జీటీవోలో 6.4 లీటర్ల వీ8, మామూలు మోడల్‌కే 325 గుర్రాలు. మనది యాభై. దానికీ దీనికీ మధ్య ఉన్న తేడాతో ఇంకో ఐదు కాంటెస్సాలు తోలుకోవచ్చు.

"ఎనభై ఐదు బండికి అంబాసిడర్ ఇంజినే రావాల. ఇది తర్వాత మార్చినారు. ఎప్పుడు మార్చినారో తెలిస్తే నీ రేసు సంగతి తేలిపోతాది" అన్నాడు భాయ్.

డల్లాస్‌లో మా బావమరిది ఒకడున్నాడు, 1969 ఫోర్డ్ మస్టాంగ్ కొని భార్యతో తిట్లు తింటున్నవాడు. నా బాధ వాడికి తప్ప ఎవరికీ అర్థం కాదని ఫోన్ చేశాను. అక్కడ పాత బండి చరిత్ర తవ్వడమే ఒక పెద్ద వ్యాపారంలా ఉంది. ఫోర్డ్ బండ్లకు 1967 మోడల్ నుంచి కంపెనీ రికార్డులు ఒకాయన చేతిలో ఉన్నాయి, నంబరు ఇచ్చి డబ్బు కడితే మార్టీ రిపోర్ట్ అని ఒక కాగితం వస్తుంది, బండి ఏ రోజు తయారైంది, ఏ డీలర్‌కు పోయింది, ఏ రంగు, ఏ ఇంజిన్ అన్నీ అందులో ఉంటాయి. పాంటియాక్‌కు అట్లాంటిదే పీహెచ్ఎస్ అని ఇంకోటి. క్రైస్లర్ వాళ్ల బండ్లలో అయితే ఫ్యాక్టరీలో వాడిన బిల్డ్ షీట్ సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు పైనో ఇరుక్కొని యాభై ఏళ్ల తర్వాత కూడా దొరుకుతుందట. ఇక రేసు కొట్టిందని చెప్పుకోవాలంటే డ్రాగ్ స్ట్రిప్‌లో పావు మైలు పరిగెత్తినప్పుడు ఇచ్చిన టైమ్ స్లిప్పులు, పాత ఫోటోలు, మూత మీద రంగు కింద దాగిన నంబర్లు చూపించాలి. ఇంజిన్ మీది నంబరు బాడీ నంబరుతో కలిస్తే ఒక ధర, కలవకపోతే ఇంకో ధర. ఎందుకంటే మామూలు బండికి పెద్ద ఇంజిన్ బిగించి అసలుదని అమ్మేవాళ్లు అక్కడా తక్కువేం లేరు. "బావా, ముందు నీ సీటు కింద చూసినావా?" అని అడిగాడు.

చూశాను. పావలా బిళ్ల ఒకటి, వక్కపొడి పొట్లాం, ఎండిపోయిన మల్లెపూలు, నాలుగు మడతలు పెట్టి పసుపు రంగుకు తిరిగిన ఇన్సూరెన్స్ కాగితం. 1996ది. దాని మీద జమ్మలమడుగు కాంట్రాక్టర్ ఒకాయన పేరు, అడ్రస్.

అమ్మినాయన తాను రెండో ఓనర్‌నని చెప్పాడు, సర్కారు వాళ్ల వాహన్ వెబ్‌సైట్లో చూస్తే ఓనర్ సీరియల్ నాలుగు. ఆయన్ను అడిగితే "నాలుగైతే ఏం, బండి పోతాంది కదా" అన్నాడు. ఆయన ఇచ్చింది ప్లాస్టిక్ కార్డు, అందులో ఇప్పటి ఓనరు తప్ప ముందువాళ్ల ఊసే ఉండదు. పాత బండి కొనేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మాట వినండి, కార్డు కాదు, పాత కాగితపు ఆర్సీ పుస్తకం అడగండి. పేరు మార్పులు, ఫైనాన్స్ ఎక్కించడం, తీసేయడం, ఇంజిన్ మార్పు అన్నీ ముద్రలతో సహా అందులోనే ఉంటాయి.

ఆ పుస్తకం జమ్మలమడుగులో దొరికింది. కాంట్రాక్టర్ కీర్తిశేషులైపోయినా ఆయన కొడుకు పాత కాగితాలు ఒక్కటీ పారేయలేదు, ట్రంకు పెట్టెలో నుంచి తీసి ఇచ్చాడు. అంచులు చెదలు తిన్నాయి గానీ మధ్యలో అంతా బాగానే ఉంది. మొదటి పేజీ మద్రాసుది, 1985, ఏదో కంపెనీ పేరు మీద, 1489 సీసీ. తర్వాత బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదని మద్రాసు నుంచి ఎన్‌ఓసీ, 1991లో ఏపీ 04 నంబరు, పేరు ప్రొద్దుటూరు బంగారు షావుకారుది. దాని కింద పేజీలో, గుండ్రటి ముద్ర సగం చెరిగిపోయి, పచ్చ సిరాతో ఇంజిన్ మార్పు రాసి ఉంది. 1992.

వేలు పెట్టి మూడుసార్లు చదివాను. ఇసుజు ఇంజిన్ ఎక్కేనాటికి షోళవరంలో రేసులు ఆగిపోయి రెండేళ్లయింది. అంటే పరిగెత్తి ఉంటే యాభై గుర్రాలతో, మద్రాసు కంపెనీ మేనేజర్ చేతిలో పరిగెత్తాలి. మేనేజర్లు కంపెనీ కారుకు పంజరం కట్టుకుంటారా? మనసు చెడిపోయింది, అబద్ధం చెప్పడమెందుకు. నలభై వేలు గుర్తొచ్చాయి.

అయినా ఆ నాలుగు పట్టీలు ఎందుకున్నట్టు? షావుకారు అంగడి మూసేసి పిల్లల దగ్గరికి పోయారని తెలిసింది, ఆయన దగ్గర పదహారేళ్లు డ్రైవర్‌గా చేసిన పెద్దాయన మాత్రం ప్రొద్దుటూరులోనే ఉన్నాడు. బండి వేసుకొనే పోయాను. ఇంటి ముందు ఆపి హారన్ కొడితే కళ్లద్దాలు సర్దుకుంటూ బయటికొచ్చి నన్ను కాదు, దాన్ని పలకరించాడు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, డ్రైవర్ వైపు డోరు మీద అరచేయి పెట్టి, "పెయింటు మార్చినారే" అన్నాడు.

"చిన్నాయనా, ఇది షోళవరంలో రేసుకు పోయిందంట, నిజమేనా?"

ఆయన నవ్వుకు దగ్గు వచ్చింది. "రేసుకు పోల్యా అబ్బీ, టీకి పోయింది" అన్నాడు.

విషయం ఇదీ. 1990లో బంగారు నియంత్రణ చట్టం ఎత్తేసినాక షావుకారు వ్యాపారం పెరిగింది, నెలకు రెండుసార్లు మద్రాసు షావుకారుపేటకు పోవాలి. రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా పోతే పెద్ద రోడ్డు ఎక్కగానే వచ్చేది షోళవరమే. తెల్లారుజామున అక్కడ ఆపి టీ తాగేవాళ్లు. "ఇదో ఇక్కడే రేసులు జరుగుతాంటివంట" అని ఎవరో చెప్తే ఈ డ్రైవరు పెద్దాయన ఊరికొచ్చి వర్ణించేవాడు. ఈయన చెప్పింది రేసు మైదానం దగ్గర టీ. జమ్మలమడుగు చేరేసరికి రేసు చూడడమైంది, మైదుకూరుకు వచ్చేసరికి బండే రేసు కొట్టింది. మన జిల్లాలో మాటకు మైలేజీ ఎక్కువ.

ఇంజిన్ కూడా అందుకే మార్పించారట, రాత్రిపూట సొమ్ముతో వస్తూ ఘాట్ రోడ్డులో లారీ వెనక పడి ఈదడం షావుకారుకు టెన్షన్. వెనక సీటు కింద పట్టీలు ఇనప్పెట్టెకు. సీటు సగం కోసి పెట్టెను నేలకే బోల్టులతో బిగించారు, ఎవడైనా బండి ఆపినా పెట్టె ఎత్తుకుపోలేడు. పెట్టె బరువుకు వెనక దిగబడుతుందని స్ప్రింగులు గట్టివి వేయించారు. నా మూడు సాక్ష్యాలూ వరసగా ఒక బంగారు అంగడి ఖర్చు పద్దులోకి పోయి కూర్చున్నాయి.

"రేసంటే ఒక్కటే" అన్నాడు కాసేపాగి. ఒకసారి షావుకారు అల్లుడు యర్రగుంట్లలో మద్రాసు మెయిలు అందుకోవాలి, వీళ్లు స్టేషన్ చేరేసరికి ఆఖరి పెట్టె ఎర్రదీపం కనబడుతోందట. అల్లుడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు, షావుకారు ఒక్క మాట కూడా అనలేదు, కడప వైపు చెయ్యి చూపించాడు. నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. "నడుమ ఒక గేటు పడింటే అయిపోయేది. పళ్లా. కడపలో మేము ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే మెయిలు వచ్చె." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కుడికాలు చాప మీద కొద్దిగా నొక్కుకుంది, నేను చూశాను.

ఇనప్పెట్టె ఏమైందని అడిగితే లోపలికి పిలిచాడు. అంగడి మూసేటప్పుడు షావుకారు ఈయనకే ఇచ్చారట. వంటింట్లో ఒక మూల, పైన రోలు, లోపల జొన్నలు. పెద్దమ్మ రోలు దించి, జొన్నలు చేటలోకి ఎత్తిపోస్తూ మమ్మల్నిద్దరినీ ఏదో అంది, వినపడనట్టు ఊరుకున్నాం. పెట్టెను పక్కకు ఒరిగించి కాళ్ల రంధ్రాలు టేపుతో కొలిచాను, పొడుగు 18 అంగుళాలు, వెడల్పు 14. బయటికొచ్చి బండిలో కొలిచాను. మూడు రంధ్రాలు సరిగ్గా కలిశాయి, నాలుగోది అంగుళంన్నర తేడా.

మళ్లీ కొలిచాను. అంతే తేడా. పెట్టె ఇది కాదేమో అన్నాను.

పెద్దాయన గడపలో నుంచే అన్నాడు, "మొదట తప్పు కొట్టినారుబ్బా మేస్త్రీ. షావుకారు తిట్టినాక పక్కన ఇంకోటి కొట్టి, పాతది అట్లే వదిలేసినారు. జిగురు మట్టి పట్టి ఉంటాది, గీరి చూడు."

స్క్రూడ్రైవర్‌తో గీరాను. పట్టీ అంచున తారు లాంటి నల్లటి మడ్డి చిన్న బిళ్లగా ఊడొచ్చింది, దాని కింద నుంచి ప్రొద్దుటూరు మట్టిరోడ్డు కనిపించింది.