రాసింది మాస్టారు, మెయిల్లో మా అప్ప పేరు

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు కదా, ఆ రోజు నుంచి మా ఉత్తరాంధ్ర మాటల సైట్లో ఒక సిరీస్ మొదలెట్టాం, ఎవరింట్లో మాట గురించి వాళ్ళే రాసి పంపాలి. గాజువాక నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు 'బేగి' (తొందరగా) అన్న మాట మీద రాశారు. బడికి లేటవుతుందని వాళ్ళమ్మ పొయ్యి దగ్గర నుంచి "బేగి లెగు, బేగెల్లు" అని అరిచేదట, చదువుతుంటే ఆవిడ గొంతు వినపడినట్టే ఉంది నాకు.

అది పబ్లిష్ అవ్వగానే నేను రాసిన కోడ్ నుంచి అందరికీ మెయిల్ వెళ్ళింది, రచయిత అన్నచోట మా అప్ప (అక్క) పేరుతో. అప్ప ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే అచ్చుతప్పులు దిద్ది పబ్లిష్ నొక్కుతుంది, అంతే. సాయంత్రానికల్లా "మీ అమ్మగారి గురించి భలే రాశారండీ" అని తనకి మెసేజ్‌లు. మాస్టారు ఫోన్ చేసి కోప్పడలేదు, "అది మా అమ్మ మాట కదా బాబూ, అమ్మాయి పేరెట్టారేటి?" అన్నారు. కోప్పడినా బాగుండేది.

తప్పెక్కడుందో వెతకడానికి ఆ రాత్రే కూర్చున్నా. ముందు సైట్లో పేజీ తెరిచి చూస్తే అక్కడ మాస్టారి పేరే ఉంది, అంటే డేటాబేస్ సరిగ్గానే ఉంది, తప్పు మెయిల్ తయారయ్యే చోటే. (పేజీలో కూడా తప్పుంటే వేరే దారిలో వెతకాలి. మా సైట్ నడిచే వర్డ్‌ప్రెస్‌లో ఎవరిదైనా అకౌంట్ తీసేసేటప్పుడు వాళ్ళ పోస్టులు కూడా తీసెయ్యాలా, ఇంకొకరి పేరు మీదకి మార్చాలా అని అడుగుతుంది, అక్కడ తొందర్లో రెండోది నొక్కితే పాతవన్నీ వేరేవాళ్ళవి అయిపోతాయి.) తర్వాత జీమెయిల్‌లో షో ఒరిజినల్ (మెయిల్ అసలు రూపం, ఎవరి నుంచి వచ్చిందో అన్నీ కనిపించేది) తీసి చూశా, ఫ్రమ్‌లో సైట్ పేరే ఉంది, తప్పు పేరు మెయిల్ లోపల ఉంది, కాబట్టి మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ ప్లగిన్ జోలికి వెళ్ళక్కర్లేదు.

అసలు దారి చూపించింది పాత మెయిల్స్. పొద్దున్న ఆరింటికి షెడ్యూల్ చేసిన పోస్టులన్నిటికీ రచయిత చోట ఖాళీ, ఎవరి పేరూ లేదు. చేత్తో పబ్లిష్ చేసిన వాటికేమో ప్రతిసారీ అప్ప పేరు. షెడ్యూల్ చేసినవి క్రాన్‌లో (టైముకి పనులు దానంతటదే చేసేది) నడుస్తాయి, అప్పుడు లాగిన్ అయినవాళ్ళు ఎవరూ ఉండరు, యూజర్ ఐడీ సున్నా. అంటే నేను రాసిన కోడ్ "ఈ పోస్ట్ ఎవరిది" అని అడగట్లేదు, "ఇప్పుడు లాగిన్‌లో ఎవరున్నారు" అని అడుగుతోంది! టెస్ట్ చేసినప్పుడు రాసిందీ నేనే పబ్లిష్ చేసిందీ నేనే కాబట్టి రెండూ ఒకే పేరు, తేడా తెలీలేదు.

కరెంట్ యూజర్ తీసేసి, పోస్ట్‌లో ఉన్న ఆథర్ ఐడీతో పేరు తెచ్చేలా మార్చా. ఈసారి రెండు అకౌంట్లు పెట్టుకుని, ఒకటి మామూలు విండోలో, ఇంకోటి ఇన్‌కాగ్నిటోలో, ఒకదాంతో రాసి ఇంకోదాంతో పబ్లిష్ చేశా, షెడ్యూల్ కూడా చేసి చూశా, పేర్లు కరెక్ట్‌గా వచ్చాయి.

అయినా వారం చివర పోస్టులన్నీ కలిపి వెళ్ళే డైజెస్ట్ మెయిల్‌లో ఒక్క పేరు మళ్ళీ తప్పు. అకౌంట్ లేనివాళ్ళు వాట్సాప్‌లో పంపితే మేమే ఎక్కిస్తాం, వాళ్ళ పేరు వేరే ఫీల్డ్‌లో ఉంటుంది. డైజెస్ట్ కోసం పోస్టుల్ని ఒక్కొక్కటిగా చూసే లూప్‌లో ఆ ఫీల్డ్ ఉంటేనే పేరు మార్చమని రాశా, లేకపోతే ఏం చెయ్యాలో రాయలేదు, అందుకని ముందు పోస్ట్ వాళ్ళ పేరే తర్వాతి దానికీ అంటుకుపోతోంది. లూప్ మొదట్లో పేరు ఖాళీ చేసి, ఫీల్డ్ లేకపోతే ఆథర్ పేరు తీసుకోమన్నా. అప్పటికీ పేరు దొరక్కపోతే మెయిల్ ఆగిపోయి నాకు కబురొస్తుంది, ఊహించి ఎవరి పేరూ పెట్టదు.

వెళ్ళిన మెయిల్ వెనక్కి రాదు కాబట్టి, సబ్జెక్ట్‌లోనే మాస్టారి పేరు పెట్టి, తప్పు మాదేనని రాసి మళ్ళీ పంపించాం. అప్పకి మెసేజ్ పెట్టిన ప్రతి ఒక్కళ్ళకీ తను విడిగా మాస్టారి నంబరిచ్చింది, ఆయన్ని అడిగే. పాతవి వెతికితే ఇంకో నలుగురి పేర్లు ఇలాగే పోయాయి, ముగ్గురితో మాట్లాడాను, చోడవరంలో ఉండే పెద్దావిడ ఫోన్ మాత్రం కలవట్లేదు, ఆదివారం బస్సెక్కి వెళ్తున్నా.